మెత్తటి సీటు, పదమూడు గంటలు

ఫిబ్రవరి 17, మంగళవారం

ఇంట్లో కూర్చోవడం మొదలై ఇవాళ్టికి నలభై రెండు రోజులు. లెక్కపెట్టకూడదనే అనుకుంటాను. పొద్దున కళ్ళు తెరవగానే ఆ అంకె దానంతటదే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

మధ్యాహ్నం మా ఆయనకు క్యారియర్ ఇవ్వడానికి కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. బేరాలు లేవు. కుర్చీలో కూర్చుని నా కళ్ళు మరోసారి చూడమన్నాను. ఇది మూడోసారి. ఆయన దీపం వేసి, అద్దాలు మార్చి మార్చి చూపించారు. అడుగు వరుసలోని చీమతలకాయంత అక్షరాలు కూడా గడగడా చదివేశాను. "నీ కళ్ళకేమీ కాలేదు. నాకంటే నీకే బాగా కనిపిస్తోంది," అన్నారు, శుభవార్త చెబుతున్నట్టు.

కళ్ళు చెడిపోయాయని అని ఉంటే ఎంత బాగుండేదో ఆయనకు చెప్పలేదు.

ఇరవై నాలుగేళ్ళు నర్సుగా చేశాను. జనవరి ఆరో తేదీ పొద్దుటి వరకు ఒక్కటంటే ఒక్క మందు తప్పు ఇవ్వలేదు. ఒకే సైజు, ఒకే నీలం అక్షరాల సీసాలు రెండు. ఒకటి ఎక్కించబోయి ఇంకొకటి ఎక్కించాను. పేషెంటు బేకరీ నడిపే పెద్దాయన. మూడు రోజులు ఐసీయూలో ఉండి, పదకొండో రోజున తన కాళ్ళ మీద తానే నడిచి ఇంటికి వెళ్ళాడు. బతికాడు. అదీ ముఖ్యం. విచారణ కమిటీ నన్ను సెలవులో ఉండమంది. నాతో పాటు సీసా చూసినట్టు సంతకం పెట్టిన చిన్న సిస్టర్‌ని సస్పెండ్ చేసింది.

కమిటీ నిర్ణయం కమిటీది. మధ్యలో నేను చెప్పేదేముంది.

ఫిబ్రవరి 18, బుధవారం

బట్టలు ఇస్త్రీ చేశాను. ఇస్త్రీ చేసినవాటినే మళ్ళీ చేశాను.

ఫిబ్రవరి 19, గురువారం

బ్లడ్ బ్యాంకులో పనిచేసే నా స్నేహితురాలు ఫోన్ చేసింది. నర్సింగ్ స్కూల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళం, సుత్తీ నాన్చుడూ తెలియని మనిషి. మంగళవారం ఒక పెట్టె పట్టుకుని పదమూడు గంటల విమానం ఎక్కగలవా అంది.

మూలకణాల సంగతి. ఇక్కడ ఎవరో ఒక దాత తన ఎముక మూలుగలోంచి వచ్చే కణాలు ఇస్తాడు. ఎక్కడో ఇంకో దేశంలో ఒక రోగి వాటి కోసం ఎదురుచూస్తుంటాడు. మధ్యలో ఒక మనిషి ఆ పెట్టెను చేత్తో మోసుకెళ్ళాలి. సామాన్లలో వేయడానికి లేదు, ఎక్స్‌రే తగలడానికి లేదు, కంటికి దూరం కావడానికి లేదు. రెండేళ్ళ క్రితం ఈ స్నేహితురాలి మాట మీద మూడు రోజుల శిక్షణ తీసుకున్నాను. ఒక్కసారీ వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళాల్సినాయనకు జ్వరమట.

"నా సంగతి నీకు తెలుసు కదా. నేను సెలవులో ఉన్నాను," అన్నాను.

"తెలిసే అడుగుతున్నా. ఆ రోగికి వాళ్ళ డాక్టర్లు మందులిచ్చి సొంత మూలుగ అంతా చంపేశారే. ఇక వెనక్కి పోయే దారి లేదు. నువ్వు కాదంటే ఇంకొకళ్ళని వెతుక్కోవాలి, అంతే."

రేపు చెబుతానన్నాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

వెళ్తానని చెప్పాను. ఎందుకు ఒప్పుకున్నానో తెలియదు. గోరుచుట్టు మీద రోకటిపోటు పడుతుందేమో.

మా ఆయన మాత్రం అటక మీంచి సూట్‌కేసు దించి, తడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టేశారు. నేను మనసు మార్చుకునే లోపల అన్నమాట.

ఫిబ్రవరి 22, ఆదివారం

కొరియర్ ఆఫీసాయన ఫోన్లో గంటసేపు నియమాలు అప్పజెప్పించుకున్నాడు. పెట్టె పట్టీ కాలికి కట్టుకోవాలి. బాత్రూముకు వెళ్ళినా పెట్టె వెంట రావాలి. తాగకూడదు, నిద్రపోకూడదు. గంటగంటకూ పెట్టె మీదున్న చిన్న తెరలో వేడి చూసి కాగితంలో రాయాలి. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు.

టికెట్ ప్రీమియం ఎకానమీ. అంత గొప్ప సీటు నాకెందుకండీ అన్నాను. ఆయన నవ్వి, "మీకు కాదమ్మా, పెట్టెకు," అన్నాడు. మామూలు సీటు కింద పెట్టె పట్టక, ఒకరిద్దరు కొరియర్లు దారి పొడవునా మోకాళ్ళు చెవులకు ఆనించుకుని కూర్చున్నారట.

జీవితంలో మొదటిసారి మెత్తటి సీటు దొరికింది, నిద్రపోకూడదనే షరతు మీద.

చిన్న సిస్టర్ ఫోన్ చేయలేదు. చేయదు. ఆ పిల్లకు నోట్లో నాలుక లేదు. విచారణలో కూడా "అక్క చెప్పినట్టే" అంది, అంతే. తనకే అభ్యంతరం లేనప్పుడు.

ఫిబ్రవరి 24, మంగళవారం, ఉదయం, విమానాశ్రయంలో

పెట్టె నా కాళ్ళ మధ్య ఉంది. కుట్టుమిషను తల అంత ఉంటుంది. తెరలో 4.6.

తెల్లవారి ఏడింటికి ఆసుపత్రి లాబ్‌లో తీసుకున్నాను. అక్కడి టెక్నీషియన్ నా కూతురి వయసు పిల్ల. సంచీ తీసి దీపం కింద పట్టుకుంది. రక్తం కంటే లేత రంగు, చేతిలో ఇమిడేంత సంచీ. దాని మీద పద్నాలుగు అంకెలు. నా కాగితంలోవి పైకి చదవమంది. చదివాను. మళ్ళీ తను సంచీ మీదివి చదివింది, నన్ను కాగితంలో చూసుకోమంది. మొదటిసారే సరిపోయాయి కదా అన్నాను.

"మీరు చదివారండీ. నేను చదవొద్దా?" అంది. పొగరుగా అనలేదు. నీళ్ళు తాగారా అని అడిగినట్టు అడిగింది.

రెండోసారి చదువుతుంటే నా చెయ్యి వణికింది. 

సెక్యూరిటీ దగ్గర ఉత్తరం చూపిస్తే పక్కకు తీసుకెళ్ళి, మూత తీయకుండా, ఎక్స్‌రే లేకుండా, గుడ్డతో తుడిచి పరీక్షించి పంపారు. తల ప్రాణం తోకకొచ్చింది. పిలుస్తున్నారు.

విమానంలో, మొదటి గంట

ముందు పెద్ద గొడవే అయింది. నాకిచ్చింది మొదటి వరుస. ఎదురుగా గోడ, కాళ్ళు బారచాపుకోవచ్చు. కానీ మొదటి వరుసలో బయలుదేరేటప్పుడు నేల మీద ఏదీ ఉంచకూడదట. పెట్టె పైనున్న అరలో పెట్టమని ఎయిర్‌హోస్టెస్ చెయ్యి చాచింది. నేను రెండు చేతులతో పట్టేసుకున్నాను. ఉత్తరం చూపించాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివి, గొంతు తగ్గించి, ఒక్క నిమిషం ఉండమంది. రెండో వరుసలో ఒక తాడిచెట్టంత కుర్రాడు కాళ్ళు మడుచుకుని అవస్థ పడుతున్నాడు. అడగడమే ఆలస్యం, నా సీట్లోకి గెంతాడు.

ఇప్పుడు రెండో వరుస కిటికీ నాది. పెట్టె ముందు సీటు కింద కొలిచి చేసినట్టు సరిపోయింది. పట్టీ చీలమండకు కట్టుకున్నాను. 4.8.

ఇదొక వింత గది. ముందొక తెర, వెనకొక తెర, మధ్యలో ఐదు వరుసలు. ముందు తెర అవతల మనుషులు పడుకుని వెళ్తారట. వెనక తెర అవతల భుజాలు రాసుకుంటూ వెళ్తారు. మేం ఇటూ కాదు అటూ కాదు. దుప్పటి మందంగా ఉంది, దిండు నిజం దిండు, నీళ్ళు గాజు గ్లాసులో ఇచ్చారు. చెయ్యి ఆనించే చోటు కోసం పక్కవాళ్ళతో యుద్ధం లేదు. మీట నొక్కితే పిక్కల కింద ఒక మెత్త లేచింది. నేను ఉలిక్కిపడితే పక్క సీటు పెద్దాయన నవ్వాడు.

రెండో గంట

5.0.

పక్కాయన లిఫ్టు మెకానిక్, రిటైరయ్యాడు. మేం వెళ్ళే ఊళ్ళో ఒక పాత భవనంలో చెక్కతలుపుల లిఫ్టు ఉందట. దాన్ని నడిపించడం తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ మిగల్లేదట. ఈయన్ని వెతికి పట్టుకుని, మోకాళ్ళు బాగోవంటే ఈ సీటు ఇచ్చి పిలిపించుకుంటున్నారు. "నలభై ఏళ్ళు జనాన్ని పైకి పంపానమ్మా. నన్ను పైకి పంపేవాళ్ళు ఇప్పటికి దొరికారు," అని తన జోకుకు తానే కిసుక్కున నవ్వాడు. ఈ తరగతి గురించి ఏమనుకుంటున్నారని అడిగితే, రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టు లాంటిదేగానీ లోపల కుర్చీ వేశారు, కాబట్టి ఫిర్యాదు లేదన్నాడు.

పెట్టె పట్టుకుని బాత్రూముకు వెళ్ళొచ్చాక ఆయన ఉండబట్టలేకపోయాడు. అందులో ఏముందని అడిగాడు. వివరం చెప్పకూడదు. మందు అన్నాను.

"మందా? అందుకా, చంకలోంచి దించట్లేదు," అన్నాడు.

ఎన్నాళ్ళయిందో, నాకు తెలియకుండానే పైకి నవ్వాను.

నాలుగో గంట

5.0, 5.1. అన్ని గళ్ళూ నింపాను. మేం సూర్యుడితో పాటే పడమటికి పోతున్నాం. బయట మిట్టమధ్యాహ్నం కదలకుండా నిలబడి ఉంది. అయినా కిటికీలన్నీ మూయించి దీపాలు తగ్గించారు. చుట్టూ గురకలు.

నాకు నిద్ర రావట్లేదు. వారం నుంచి సరిగ్గా పడుకోలేదు కాబట్టి అలవాటైపోయింది. మణికట్టు గడియారానికి గంటగంటకూ వణికే అలారం పెట్టాను. బాగానే ఉన్నాను.

ఈ పెట్టె కోసం చూస్తున్నవాళ్ళు ఆడో మగో, పిల్లో ముసలో తెలియదు. తెలియనివ్వరు.

ఐదో గంట

5.1. బాగానే ఉన్నాను.

తొమ్మిదో గంట

ఇప్పుడు రాయగలను. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఐదో గంట రాశాక కళ్ళు మూసుకున్నానంతే, అని రాయబోయాను. కాదు. నిద్రపోయాను. పిక్కల కింద మెత్త లేపుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఇరవై నాలుగేళ్ళలో ఏ డ్యూటీలోనూ పోనంత నిద్ర పోయాను.

మెలకువ వచ్చేసరికి పక్కాయన బిస్కెట్టు తింటున్నాడు. గడియారం చూసుకున్నాను. రెండున్నర గంటలు. అలారం మోగలేదా అని అడిగాను. రెండుసార్లు వణికిందని, ఒళ్ళు తెలియకుండా పడుకుంటే లేపబుద్ధి కాలేదని అన్నాడు పాపం. ఆయన తప్పేముంది.

వంగి తెర చూశాను. 7.1.

ఐదు నుంచి ఏడు. ఎనిమిదికి ఇక ఒక్క డిగ్రీ కూడా లేదు. పెట్టె తెరవకూడదు. ఫోన్ లేదు. ఏం చేయాలో తోచక దాన్ని బయటికి లాగుతుంటే, పెద్దాయన నా ముఖం చూశాడు. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి కిందకు వంగి, పెట్టె ఉన్నచోట అరచెయ్యి పెట్టాడు. గోడ అంచున వేలు ఆపాడు.

"ఇక్కడ చూడండమ్మా. సన్నటి జాలీ ఉంది. వేడి గాలి సరిగ్గా దీని మీదికే కొడుతోంది. దుప్పటి కిందికి జారి ఆ గాలిని బయటికి పోనివ్వట్లేదు."

నా దుప్పటే.

పెట్టె ఒళ్ళోకి తీసుకున్నాను. ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి గాలి తగ్గించమన్నాను. తను పరుగున వెళ్ళొచ్చింది. పైనున్న చల్లగాలి మూతలు ఆయనదీ నాదీ రెండూ దాని మీదికే తిప్పాడు మెకానిక్. 7.1. 7.1. 7.0. ఆ 7.0 చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు 6.2.

అసలు రాయాల్సింది ఇది కాదు.

కాగితంలో ఆరో గంట, ఏడో గంట గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పెట్టె కుదుటపడ్డాక పెన్ను తీశాను. ఆరో గంట గడిలో '5' వేశాను. దాని పక్కన చుక్క పెట్టాను. 5.2 అనుకున్నాను, ఏడో గంటకు 5.4. నమ్మేలా ఉంటాయి. చెయ్యి వణకలేదు. పొద్దున నిజం అంకెలు చదివేటప్పుడు వణికిన చెయ్యి, అబద్ధం రాసేటప్పుడు రాయిలా నిలబడింది.

అక్కడ ఆగాను. ఈ చెయ్యి నాకు తెలుసు.

జనవరి ఆరున చిన్న సిస్టర్ సీసా చదవలేదు. చదవబోయింది. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది, చూపించండి అక్కా అని. వార్డులో ఆరుగురు పిలుస్తున్నారు. నాకు విసుగొచ్చింది. "నేను చూశాగా. సంతకం పెట్టెయ్," అన్నాను. అది పెట్టేసింది. పని నేర్పినదాన్ని నేను, నా మాట కాదంటుందా? కమిటీ ముగ్గురూ ఎదురుగా కూర్చుని, మందు పేరు ఇద్దరూ పైకి చదివారా అని అడిగారు. చదివాం అన్నాను. ఇద్దరం అన్నాను. అప్పుడూ నా గొంతు వణకలేదు. నాకు సెలవు, దానికి సస్పెన్షన్. ఈ నలభై తొమ్మిది రోజులూ సీసా అక్షరాల గురించి, నా కళ్ళ గురించి ఆలోచించాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

ఇదెక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను. రాసినదాన్ని కొట్టేయను.

గడిలో వేసిన 5 మీద ఒక గీత కొట్టాను. రెండు గళ్ళలోనూ "చూడలేదు. నిద్రపోయాను" అని రాసి, పక్కన సంతకం పెట్టాను. కింద 7.1 అని, ఎప్పుడు చూశానో టైము వేశాను. ఈ కాగితం చూసి వాళ్ళు ఇంకెప్పుడూ నన్ను పంపకపోవచ్చు. కణాలు పాడయ్యాయని అనవచ్చు. అక్కడ ఎవరో...

పన్నెండో గంట

5.3. పెట్టె ఒళ్ళోనే ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఎక్కితే ఎక్కనీ. మెకానిక్ నా భోజనం మూతలు తీసి, రొట్టెకు వెన్న రాసి చేతికిచ్చాడు, నేను పెట్టె వదలనని తెలిసి.

అదే రోజు, సాయంత్రం, హోటల్ గదిలో

ఇచ్చేశాను. ఇచ్చేశాను. ఇచ్చేశాను.

కారు ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర ఆగింది. లాబ్‌లో ఒక నడివయసు ఆవిడ, జుట్టు ముడి, చేతులకు తొడుగులు. ఇక్కడా అదే తంతు. ఆవిడ చదివింది, నేను చదివాను. పద్నాలుగు అంకెలూ సరిపోయాయి. తర్వాత నా కాగితం తీసుకుని పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఆ రెండు గళ్ళ దగ్గర ఆగింది. నేను గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటూ నిలబడ్డాను. జాలీ సంగతి, దుప్పటి సంగతి చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపి, పెట్టెలోంచి చిన్న డబ్బా ఒకటి తీసి కంప్యూటరుకు పెట్టింది. తెర మీద ఒక గీత పాకుతూ వచ్చింది. పదమూడు గంటలూ, ప్రతి ఐదు నిమిషాలకూ. నాకు తెలియదు. శిక్షణలో చెప్పే ఉంటారు, మరిచిపోయాను.

"ఎక్కువలో ఎక్కువ ఏడు పాయింట్ రెండు. ఎనిమిది దాటలేదు. కణాలకేమీ కాలేదు," అంది.

మిషనే అంతా రాసుకుంటుంటే ఇంక నాచేత కాగితం ఎందుకు రాయించారని అడిగాను.

"మిషన్ పెట్టె సంగతి చెబుతుంది. తెచ్చిన మనిషి సంగతి కూడా తెలియాలి కదండీ. చాలామంది నిద్రపోతారు. ఇలా రాసింది మాత్రం, నేను చూసినంతలో, మీరే." అని తన సంతకం పెట్టి, నా చేతిలో రసీదు పెట్టింది. కూర్చోమని కుర్చీ లాగింది. అప్పుడు తెలిసింది, నా కాలికి పట్టీ ఇంకా కట్టే ఉంది. పెట్టె లేదు, పట్టీ ఈడ్చుకుంటూ తిరుగుతున్నాను.

మెకానిక్‌కి సరిగ్గా చెప్పి రాలేదు. సామాన్ల దగ్గర దూరం నుంచి చెయ్యి ఊపాడు. ఆయన లిఫ్టు బాగా నడవాలి.

మా ఆయనకు ఫోన్ చేశాను. బాగా జరిగిందన్నాను. ఇంకో విషయం ఉంది, వచ్చాక చెబుతానన్నాను. ఆయన "చెప్పు, వింటాను. ముందు తిను," అన్నారు.

ఫిబ్రవరి 26, గురువారం

తిరుగు విమానంలో వెనక తెర అవతలి సీటు. ఇద్దరి మధ్య, మోకాళ్ళు చెవులకు ఆని. ఎక్కిన క్షణం నుంచి దిగే క్షణం దాకా నిద్రపోయాను. ఈసారి ఎవరికీ జవాబు చెప్పక్కరలేదు.

ఇంటికి రాగానే మా ఆయనకు చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, అందుకే అన్నిసార్లు కళ్ళు చూపించుకున్నావా అన్నారు. మేట్రన్ గారి దగ్గరికి తోడు రానా అన్నారు. వద్దన్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

మేట్రన్ గారి గదిలో అరగంట. కమిటీ ముగ్గురిలో ఆవిడా ఒకరు, నా కంటే ఏడాది సీనియర్. వార్డులో ఇద్దరం కలిసి ఎన్నో పండుటాకులను సాగనంపినవాళ్ళం. చెప్పింది అంతా విని, "ఇప్పుడెందుకు చెబుతున్నారు? కేసు దాదాపు అయిపోయింది," అన్నారు.

"మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పానండీ. ఇప్పుడు ఎవరూ అడగట్లేదు. అందుకని నేనే రావాల్సి వచ్చింది," అన్నాను.

తెల్లకాగితాలు ముందుకు తోశారు. అక్కడే కూర్చుని రాశాను, రెండు పేజీలు. నేను చూశాగా, సంతకం పెట్టెయ్ అన్న మాట, అన్నది అన్నట్టే. ఆవిడ తీసుకునేటప్పుడు నా వైపు చూడలేదు. తలుపు దాకా వచ్చాక మాత్రం, ఇరవై నాలుగేళ్ళలో మీ చేతిరాత ఇంత స్పష్టంగా ఎప్పుడూ లేదు అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో తెలియలేదు.

మార్చి 1, ఆదివారం

ఇవాళ చిన్న సిస్టర్ ఇంటికి వెళ్ళాలి. కర్టెన్లు ఉతికాను.

మార్చి 2, సోమవారం

కమిటీ పిలిచే దాకా ఆగడమే మంచిదేమో. ముందే వెళ్తే దాన్ని ప్రభావితం చేసినట్టు అవుతుంది.

మార్చి 3, మంగళవారం

పైన రాసింది అబద్ధం. భయం, అంతే.

మార్చి 5, గురువారం

కమిటీ మళ్ళీ కూర్చుంది. నన్ను ఒక్కదాన్నే పిలిచారు. సాయంత్రానికి ఉత్తర్వులు. దాని సస్పెన్షన్ రద్దు, సోమవారం నుంచి డ్యూటీ, రికార్డులో మచ్చ ఉండదు. నాకు వార్డు ఇన్‌చార్జి పోయింది. ఆరు నెలలు మందులు ముట్టకూడదు, ఓపీ కౌంటర్లో చీటీలు రాయాలి. నా రికార్డులో ఉంటుంది, రిటైరయ్యే దాకా.

కాగితం రెండుసార్లు చదివాను. ఏడుపు వస్తుందనుకున్నాను. ఆకలేసింది. మా ఆయన ప్లేటులోది కూడా లాక్కుని తిన్నాను.

మార్చి 8, ఆదివారం

వెళ్ళాను.

మూడో అంతస్తు. మెట్ల మీద ఎవరివో సైకిళ్ళు. తలుపు వాళ్ళ అత్తగారు తీసింది. నన్ను గుర్తుపట్టి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కకు జరిగింది. చిన్న సిస్టర్ కిటికీ దగ్గర నేల మీద కూర్చుని కూతురికి జడ వేస్తోంది. యూనిఫాం ఉతికి కుర్చీ మీద ఆరేసి ఉంది. నన్ను చూసి లేవలేదు. జడ పూర్తయ్యే దాకా వేసింది, రిబ్బను కట్టింది, పిల్లను లోపలికి పంపింది. అంతసేపూ నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనకపోతే ఎలా ఉంటుందో నాకు తెలియాలి.

విమానం ఎక్కినప్పటి నుంచి ఈ మాటలు వరసగా పేర్చి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు. నువ్వు చదవలేదని తెలిసే నేను చదివామని చెప్పానమ్మా అన్నాను. నిన్ను చదవనివ్వంది నేనే అన్నాను.

"నాకెందుకు చెబుతున్నారక్కా? నేను అక్కడే ఉన్నాను కదా," అంది.

నిజమే. ఇన్నాళ్ళూ ఆ సంగతి నాకొక్కదానికే తెలిసినట్టు మోశాను. దానికి మొదటి నిమిషం నుంచీ తెలుసు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడక్కూడని ప్రశ్న. అడిగేశాను.

"చూడకుండా సంతకం పెట్టానని నా నోటితో నేను చెప్తే అది నా తప్పు. మీరు చెప్తే, మీరు చూడనివ్వలేదని తెలుస్తుంది. మీరు చెప్తారనుకున్నాను. ఆ గదిలో మీరు నోరు తెరిచినప్పుడు కూడా, ఇదిగో ఇప్పుడు చెప్తారు అనుకున్నాను. తర్వాత ఇంటికొచ్చి ఏడు వారాలు అనుకున్నాను." గొంతు పెంచలేదు. చేతిలో దువ్వెన ఉంది, దాని పళ్ళు బొటనవేలితో మీటుతూ ఉంది. "ఆఖరి వారం మానేశాను."

నేను తప్పయిపోయిందన్నాను. ఒక్కసారే అన్నాను. రెండోసారి అంటే నా కోసం అన్నట్టు ఉంటుందనిపించింది.

వాళ్ళ అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, కాఫీ పెట్టమంటావా అని దాన్ని అడిగింది. చిన్న సిస్టర్ నా వైపు చూసింది. నేను పని నేర్పినప్పటి చూపు కాదు. నన్ను కొలుస్తున్న చూపు.

"ఇవాళ వద్దు అత్తయ్యా," అంది. తర్వాత నాతో, "ఇవాళ ఇవ్వబుద్ధి కావట్లేదక్కా. ఇంకోసారి వచ్చినప్పుడు ఇస్తాను," అంది.

సరేనమ్మా అన్నాను.

మెట్లు దిగుతుంటే సైకిలు హ్యాండిల్ కొంగుకు తగులుకుంది. విడిపించుకుంటూ అక్కడే నిలబడిపోయాను. ఇంకోసారి వచ్చినప్పుడు అంది. ఇంకోసారి రమ్మంది. వీధిలో ఎండ ఉంది, ఎవరో బంతి ఆడుతున్నారు, బస్సు వచ్చి ఆగింది. ఎక్కకుండా ఇంటి దాకా నడిచే వచ్చాను.